బయటి గడియ

షెడ్డు వెనక వీధి
వానలు మొదలైన వారం

పొట్టీ,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, అందుకని ఈ అర్జీ నీకు పెట్టుకుంటున్నాను. ఫోను పాడైంది. బాగు చేయించే తీరిక లేదు. నువ్వు జవాబు రాసేటప్పుడు మన ఇంటికి కాకుండా పక్క వీధి టైలరమ్మ చిరునామాకు రాయి. ఇంటికి పోస్టు సరిగా రావడం లేదు.

నేను బతికే ఉన్నాను. ఆ మాట ముందు రాసి మిగతాది చెబుతున్నాను. పోయిన వారం షెడ్డులో ఐసు గదిని చల్లబరిచే అమోనియా గ్యాసు పైపు పగిలింది. మేము రొయ్యలు వలిచే బల్లలు ఐసు గదికి ఆనుకునే ఉంటాయి. మొదట ఎవరో తుమ్మారు, నవ్వాం. అంతలో కళ్ళలో కారం కొట్టినట్టయింది, గొంతు మూసుకుపోయింది. అందరం వెళ్ళి తలుపు మీద పడ్డాం. తలుపుకు గడియ బయట ఉంటుంది, గడియకు తాళం. రొయ్యలు రవికెల్లో దాచుకుపోతామని ఓనరు పెట్టించిన తాళం అది. వెనకవాళ్ళు ముందువాళ్ళ మీద పడ్డారు. నా కాళ్ళ కింద ఎవరిదో చెయ్యి ఉంది, అది కదలడం నాకు తెలుస్తూనే ఉంది, పాదం తీయడానికి చోటు లేదు. తాళంచెవి పట్టుకుని మేస్త్రీ వచ్చేసరికి చూలాలు ఒకామె గడప దగ్గరే బిడ్డను పోగొట్టుకుంది. నెత్తురు కడిగి, మళ్ళీ బల్లల దగ్గర కూర్చోమన్నారు.

కూర్చోలేదు. మా బల్ల మీద ఒక వసపిట్ట ఉందని చెప్పానే, షెడ్డులో మాట్లాడితే జీతం కోసే చోట కూడా నోరు మూయనిది, అదే లేచి, "ఇంక ఈ తాళం ఉంటే మేం ఉండం. మా తరఫున ఈ అక్క మాట్లాడుతుంది" అని నన్ను చూపించింది. నన్ను అడగనైనా లేదు. అందరూ ఊఁ అన్నారు. అలా నీ వదిన నాయకురాలైంది. నవ్వుకో.

మాకు కావలసింది ఒక్కటే, ఆ తాళం తీసేయాలి. సముద్రం దాటి వెళ్ళే మా రొయ్యల పెట్టెల మీద రెండు తోకల చేప బొమ్మ ఉంటుంది. అవి మీ వైపు వస్తాయేమో చూసి రాయి.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. షెడ్డు దగ్గరే ఏదో పని దొరికింది, బట్టలు కూడా వాళ్ళే కుట్టించి ఇచ్చారు. తోపులాటలో నా ఎడమ మణికట్టు బెణికింది. కంగారు పడకు.

నీ వదిన


ఓడరేవు దగ్గర గది

వదినా,

ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ చెయ్యి ఎవరిదో తెలిసిందా? ఆమె ఎలా ఉంది?

రెండు తోకల చేప బొమ్మ గురించి అడిగావు. వదినా, రోజంతా నేను చింపేది ఆ పెట్టెలే. మీరు వలిచి గడ్డ కట్టించి పంపినవాటిని ఇక్కడి కోల్డ్ స్టోరేజీలో మేము విడగొట్టి చిన్న పొట్లాలు కడతాం. చేతికి ఒక గడియారం లాంటిది కట్టారు. కాసేపు చేయి ఆగితే అది కీచుమంటుంది. ఇన్నాళ్ళూ నువ్వు ముట్టుకున్నవే నేను ముట్టుకుంటున్నానని తెలియక, ఆ గడ్డల్ని తిట్టుకుంటూ పగలగొట్టాను.

ఇక్కడ మాకు సంఘం ఉంది. ఆడవాళ్ళ కమిటీకి పెద్ద ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒకావిడ. ఆమెది ఏ దేశమో, మాట్లాడేది ఏ భాషో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. మేమిద్దరం ఇక్కడి భాషను చెరో రకంగా విరిచి మాట్లాడుకుంటాం. నీ ఉత్తరం సంగతి చెప్పి, రెండు చేతులూ కలిపి తాళం వేసినట్టు చూపించాను. ఆమె మెడ మీది కాలిన మచ్చ చూపించింది. వాళ్ళ ఊళ్ళో బట్టల మిల్లు తగలబడినప్పుడు తలుపు మూసి ఉందట. వాళ్ళ అక్క బయటికి రాలేదట. "మీవాళ్ళు పని మాని కూర్చునే రోజు చెప్పు. ఆ రోజు మేం ఆ పెట్టెలు ముట్టుకోం" అంది.

అన్నయ్యకు ఏం పని దొరికింది? సగం చెప్పి ఊరుకోవడం నీకు అలవాటే. ఏదైనా సరే, వాడు దగ్గర్లో ఉన్నాడంటే నాకు ధైర్యం. చిన్నప్పుడు నన్ను కుక్క కరిస్తే వాడేం చేశాడో నీకు చెప్పానా? దాన్ని గోడ వారకు తరిమి నడుం విరిగేదాకా కొట్టాడు. అది చచ్చినా ఆపలేదు. అమ్మ లాక్కొచ్చింది. నా మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. నీ మీదా వాలనివ్వడు.

మణికట్టుకు వేడినీళ్ళ కాపడం పెట్టు.

నీ పొట్టి


షెడ్డు వెనక వీధి

పొట్టీ,

ఆ చెయ్యి వసపిట్టది. వేళ్ళు రెండు చితికాయి. "నీ బరువు నాకు తెలిసిపోయిందక్కా, ఇంక నీ దగ్గర దాపరికం లేదు" అని నవ్వింది. ఆ వేళ్ళతో వలవలేకపోతోంది కాబట్టి మేమందరం గుప్పెడు వేస్తున్నాం. నీకు తెలియదు కదా, మా బల్లల దగ్గర ఇదొక పద్ధతి. బేసిను నిండకపోతే కాటా దగ్గర ఒప్పుకోరు, పొమ్మంటారు. అందుకని ఒకామె వెనకబడితే చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక గుప్పెడు రొయ్యలు ఆమె బేసినులో పడేస్తారు. తల ఎత్తరు, ఆమె వైపు చూడరు. ఎప్పటినుంచో ఉంది ఇది. సంఘమంటే ఏమిటని కొత్తపిల్ల అడిగితే, వసపిట్ట, "రోజూ వేసే గుప్పెడే. ఇప్పుడు మేస్త్రీ చూస్తుండగా వేస్తాం, అంతే తేడా" అంది. నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ పిల్లకు ఆ ముక్కతో ఎక్కింది.

కుళాయి దగ్గర, బట్టలుతికే బండ దగ్గర మాట్లాడుకుంటున్నాం. మూడు బల్లలవాళ్ళు మా వైపు వచ్చేశారు. నాలుగో బల్ల భయపడుతోంది. భయపడక ఏం చేస్తారు? మొన్న సందులో నన్ను ఎవరో మనుషులు ఆపారు. ఐసు డ్రమ్ములో నా తల ముంచి పట్టుకున్నారు. విడిచారు, మళ్ళీ ముంచారు. నీళ్ళలో ఉన్నప్పుడు భయం కంటే కోపమే ఎక్కువగా ఉందని నాకే ఆశ్చర్యం. వదిలేశాక అక్కడే వాంతి చేసుకుని, ఆ తడి చీరతోనే వెళ్ళి నాలుగో బల్ల వాళ్ళింటి ముందు నిలబడ్డాను. నా జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే చూసి వాళ్ళూ వచ్చేశారు.

వచ్చే నెల మొదటి సోమవారం పెద్ద సరుకు వెళ్ళే రోజు. పొద్దున్నే మేస్త్రీ తలుపు తీసి లోపలికి రమ్మంటాడు. అందరం లోపలికి వెళ్ళి, బేసిన్లు తీసుకుని, తాళం పడేలోపే బయటికొచ్చి వాకిట్లో బోర్లించుకుని కూర్చుంటాం. తాళం తీసేస్తామని నలుగురి ముందు చెప్పేదాకా లేవం. నీ ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడకు చెప్పు. మీ వైపు ఆ పెట్టెలు ఆగితే ఓనరు మా మాట వింటాడు. మీ వాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పకు. ఎవరికీ అంటే ఎవరికీ.

మణికట్టు తగ్గిపోయింది.

నీ వదిన


ఓడరేవు దగ్గర గది

వదినా,

అందరూ సరేనన్నారు. సోమవారం రెండు తోకల చేప ఒక్కటి కూడా రేవు నుంచి కదలదు. ఒకావిడ భయంతో ఏడ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ ఆమెకు తన గ్లౌజులిచ్చి, "ఏడువు, కానీ చేతులు కట్టుకుని ఏడువు" అంది. నీ గుప్పెడు పద్ధతి చెప్పాను. ఇప్పుడు మేము కూడా గడియారం కీచుమన్నవాళ్ళ ట్రేలో ఒక్కో పొట్లం పడేస్తున్నాం.

నిన్ను నీళ్ళలో ముంచిన సంగతి చదివాక నాకు నిద్ర రావడం లేదు. అందుకే ఒక పని చేశాను, తిట్టకు. అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పొద్దన్నావు నిజమే, కానీ అన్నయ్య ఎవరో ఏమిటి? నీ మొగుడు, నా తోడబుట్టినవాడు. సోమవారం మీరు ఏం చేయబోతున్నారో అంతా చెప్పి, "వదిన పక్కన నిలబడు, ఎవడైనా చెయ్యి వేస్తే చూసుకో" అన్నాను. ఎన్నింటికో మళ్ళీ అడిగాడు. తర్వాత, "సరేలే, నేను చూసుకుంటా" అన్నాడు.

ఇప్పుడు నాకు కాస్త నిద్ర పట్టేలా ఉంది.

నీ పొట్టి


టైలరమ్మ ఇల్లు

పొట్టీ,

ఈ అక్షరాలు టైలరమ్మవి. మాటలు నావి. నా కుడి చెయ్యి పనికిరాదు.

నీ ఉత్తరం నిన్న అందింది. సోమవారం వెళ్ళిపోయాక అందింది.

మేము అనుకున్నట్టే లోపలికి వెళ్ళాం. బేసిను ఎత్తుకునే లోపే వెనక తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు అందరం విన్నాం. వెంటనే ఐసు గది తలుపు తెరుచుకుంది. అందులోంచి మగవాళ్ళు వచ్చారు. తెల్లారక ముందే వచ్చి దాక్కున్నారు. చేతుల్లో ఐసు గడ్డలు లాగే కొక్కేలు, తడిపిన తాళ్ళు ఉన్నాయి. ఒక్క మాటా అనకుండా మొదలుపెట్టారు. తల, వీపు, కడుపు అని చూడలేదు. మేము బేసిన్లు తలల మీద పెట్టుకున్నాం. కొక్కెం పడితే స్టీలు చిరిగిపోయేది. అప్పుడు బిడ్డను పోగొట్టుకున్నామెను జుట్టు పట్టి నేల మీద ఈడ్చారు.

నేను తలుపు దగ్గరికి పాకాను. మేస్త్రీ లోపలికి తొంగి చూసేందుకు తలుపుకు చిన్న ఊచల కిటికీ ఉంటుంది. దానిలోంచి బయటికి చూశాను. బయట కాపలా బట్టల్లో, చేతిలో తాళంచెవితో, మీ అన్నయ్య ఉన్నాడు.

"తియ్యి" అన్నాను. "చంపేస్తున్నారు, తియ్యి."

"ఇంట్లో ఉండమంటే విన్నావా?" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

నన్ను వెనక్కి లాగి బల్ల మీద నా కుడి అరచెయ్యి పరిచి పట్టుకున్నారు. "ఈ చేత్తోనేగా అందర్నీ లేపావు" అని ఐసు కొట్టే సుత్తితో కొట్టారు. మొదటి దెబ్బ తెలిసింది, తర్వాతవి తెలియలేదు. వసపిట్ట అరుచుకుంటూ వాళ్ళ మీద పడింది. చితికిన వేళ్ళతో ఒకడి మొహం రక్కింది. వాడు కొక్కెం తిప్పి కొట్టాడు. చెవి పైన దిగింది. అది నిలబడే ఏదో అనబోయింది, పొట్టీ. జీవితంలో మొదటిసారి దానికి మాట రాలేదు.

మిగతా ఆడవాళ్ళందరూ కలిసి ఇనప కాటా ఎత్తి తలుపుకు మోదారు. ఎన్నిసార్లు మోదారో. మడతబందులు ఊడి తలుపు బయటికి పడింది. అప్పటికి అక్కడ మీ అన్నయ్యా లేడు, తాళమూ లేదు.

ఇప్పుడు నీ దగ్గర దాచిందంతా చెబుతాను. నన్ను నాయకురాల్ని చేసిన సాయంత్రమే ఆయన నా ఫోను గోడకేసి కొట్టాడు. మణికట్టు తోపులాటలో బెణకలేదు, ఆయన తిప్పాడు. షెడ్డులో దొరికిన పని కాపలా పని. పెళ్ళయిన ఏడాది నుంచీ నన్ను కొడుతున్నాడు. నువ్వు వచ్చినప్పుడు పొడుగు చేతుల రవికెలు వేసుకునేదాన్ని, చలి అనేదాన్ని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను. నీకు అన్నయ్యంటే ప్రాణం, అది ఎందుకు పోగొట్టాలని కూడా ఊరుకున్నాను. ఊరుకున్నందుకు నువ్వు ఆయనకు చెప్పావు. చెప్పినందుకు వాళ్ళు ఐసు గదిలో కూర్చున్నారు. అంతా నీదే అనుకోకు, పొట్టీ. సగం నాది.

తలుపు తీసే ఉందని, ఆడవాళ్ళే తోసుకుని చచ్చారని ఓనరు పోలీసులకు చెప్పాడు. తాళం వేసినవాణ్ణి చూసింది నేనొక్కదాన్నే. "మొగుడి మీద కోపంతో అంటున్నావు, ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకో" అన్నారు. వసపిట్ట చచ్చిపోయింది, అది నా ఇంటి గొడవ అంటున్నారు.

నిన్ను ఏమీ చేయమని అడగను.

వదిన


ఓడరేవు దగ్గర గది

వదినా,

నువ్వు అబద్ధం చెబుతున్నావని రాయాలనే కూర్చున్నాను. అలా రాసిన కాగితం చింపేసి ఇది రాస్తున్నాను.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నన్ను చిన్నపిల్లను చేసి కూర్చోబెట్టావు. నీ ఒంటి మీద దెబ్బలు దాచి నాకు అన్నయ్యను మిగిల్చావు. అలాంటి అన్నయ్యను నేనేం చేసుకోను?

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. ఆ సోమవారం సాయంత్రం వాడు నాకు ఫోన్ చేశాడు. ఏడ్చాడు. "తాళం నేనే వేశానే. వేయమన్నారు, వేశాను. లోపల అంత జరుగుతుందనుకోలేదు. మీ వదినకు చెయ్యి నొప్పి, అంతే" అన్నాడు. నేను వాణ్ణి ఓదార్చాను, వదినా. "నీ తప్పేముంది, ఏడవకు, ఏమైనా తిన్నావా" అన్నాను. నువ్వు విరిగిన చేత్తో పడుకుని ఉంటే నేను వాడి అన్నం గురించి అడిగాను.

మా వైపు సంగతి రాస్తాను. పెట్టెలు ముట్టుకోలేదు. రేవు మీదే కరిగి నీళ్ళు కారాయి. మధ్యాహ్నం కాపలావాళ్ళు వచ్చారు. ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడను సీటులోంచి జుట్టు పట్టి లాగి బూటుతో మూతి మీద తన్నారు. ఊడిన పన్ను గ్లౌజులో ఉమ్ముకుని అందరికీ చూపించింది. నన్ను ఇనప బండికీ గోడకీ మధ్య నొక్కారు. పక్కటెముక చిట్లింది, నవ్వితే నొప్పి, ఏమంత నవ్వడం లేదులే. వసపిట్ట సంగతి తెలిశాక మళ్ళీ చేతులు కట్టుకున్నాం. ఏ భాషవాళ్ళు ఆ భాషలో దాన్ని అక్కా, చెల్లీ అని పిలుచుకుంటున్నారు. పెట్టెలు ఇంకా అక్కడే ఉన్నాయి. కుళ్ళుతున్నాయి.

తాళం తనే వేశానని వాడు నాతో అన్న మాట ఇక్కడి అధికారి ముందు చెప్పి సంతకం పెడితే మీ కోర్టుకు చేరుతుందని సంఘం వకీలు అంది. ఇంక అది ఇంటి గొడవ అనలేరట. నేను ఆలోచించుకుంటానన్నాను. రాత్రంతా ఆ కుక్కే గుర్తొచ్చింది. చచ్చాక కూడా వాడు కొడుతూనే ఉన్నాడు, నేను గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ సంగతి నీకు ముందు రాయలేదు.

ఈ ఉత్తరం ఇంకా పోస్టు చేయలేదు. ఇవాళ వెళ్ళి చెప్పాను. "ఆ మనిషి మీకేమవుతాడు?" అని అడిగారు. "అన్నయ్య" అన్నాను. రాసుకున్నారు. బయటికొచ్చి గదికి వెళ్ళే దారి వదిలి ఇంకోవైపు నడిచాను. ఫోర్క్‌లిఫ్ట్ ఆవిడ నన్ను పట్టుకుని నడిపించింది.

ఇంతకీ నిన్ను ఇంకా వదినా అని పిలవచ్చా?

పొట్టి


టైలరమ్మ ఇల్లు
ఎండలు ముదిరాక

పొట్టీ,

అక్షరాలు నావే, ఎడమ చేతివి. కోడి గీకినట్టున్నా చదువుకో.

మీ రేవు మీద కుళ్ళిన సరుకు వాసన మా ఓనరు దాకా వచ్చింది. గడియ బయట ఉన్నన్నాళ్ళూ ఒక్క పెట్టె కూడా తీసుకోబోమని అక్కడి కొనుగోలుదారులు రాసిచ్చారట. మొన్న వెల్డింగు అతను వచ్చి కొత్త తలుపు గడియను మా అందరి ముందూ కోసేశాడు. నిప్పురవ్వలు మొహాల మీద పడుతున్నా ఎవరం వెనక్కి జరగలేదు. కొక్కెం తిప్పినవాడూ దొరికాడు. మాతో మాట్లాడాలంటే ఓనరు ఇప్పుడు కుర్చీ వేయాలి, వేస్తున్నాడు. కుర్చీలో కూర్చుంటే నాకు నడుం నొప్పి.

ఇంకో సంగతి దాద్దామనుకున్నాను. దాస్తే ఏమవుతుందో చూశాం కనక చెబుతున్నాను. మీ అన్నయ్యను పోలీసులు తీసుకెళ్ళేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా మొహం చూడలేదు. నీ మాట చదివి వినిపిస్తే, "మా చెల్లెలు అలా చెప్పదు" అన్నాడు. బండి ఎక్కేదాకా అదే అన్నాడు. నువ్వు ఏడుస్తావని తెలుసు. ఏడువు, కానీ చేతులు కట్టుకుని.

వదినా అనచ్చా అని అడిగావు. ఆయన ద్వారా వచ్చిన చుట్టరికం కదా, ఆయన్ని వదిలేశాక ఏం మిగిలిందని నేనూ ఆలోచించాను. పూర్తి మొగుడు తాళం వేసి అటు తిరిగాడు. అర్ధమొగుడు సముద్రం అవతల నిలబడి తీసింది. నేను నిన్ను వదలను. నువ్వు కావాలన్నా వదలను.

తలుపు ఇప్పుడు తీసే ఉంటోంది. పని మధ్యలో ఎవరో ఒకరు లేచి గడప దాకా వెళ్ళి, బయటికి చూసి వచ్చి కూర్చుంటున్నారు. ఎందుకని అడిగితే, "ఊరికే" అంటున్నారు. నేనూ రెండుసార్లు వెళ్ళొచ్చాను.

తిరిగి పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఒక పని జరిగింది. వసపిట్ట చోటు ఖాళీగా ఉంది. మేమందరం తల వంచుకుని, నేను ఎడమ చేత్తోనే, వలుస్తూ, అలవాటు కొద్దీ తలా ఒక గుప్పెడు అటు వేశాం. అక్కడ బేసిను లేదు, రొయ్యలు బల్ల మీద పడ్డాయి. ఎవరం తీయలేదు. మేస్త్రీ చూసి, పక్క బల్లకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు షెడ్డులో మాట్లాడితే జీతం కోయరు. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. కూర్చుంటాం, ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం, ఏం మాట్లాడాలో మాకు తెలియడం లేదు.

నీ వదిన